ఆది జాకెట్టు బయట బల్ల మీద పెట్టండి

మా షాపు గుమ్మం పక్కన చిన్న బల్ల ఉంటుంది. దాని పైన గోడకి నేనే స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన కాగితం ఒకటి ఉంది. "జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవారు దయచేసి లోపలికి రావద్దు. గుడ్డ, ఆది జాకెట్టు ఈ బల్ల మీద పెట్టి, నాకు ఫోన్ చేయండి."

తణుకులో 20 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ కాగితం చదివి ఒక్క క్షణం ఆగుతారు. కరోనా పోయి ఇన్నేళ్ళయింది, ఇంకా ఏమిటీ భయం అని కొందరు అడిగేస్తారు. "జలుబే కదండీ" అని మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయిన వాళ్ళూ ఉన్నారు. అందరికీ గుమ్మంలో నిలబెట్టి చెప్పలేను కాబట్టి ఒక్కసారి ఇక్కడ రాసి పెడుతున్నాను. నాలా మందుల సంచీతో తిరిగేవాళ్ళూ, వాళ్ళింట్లోవాళ్ళూ చదివితే ఇంకా సంతోషం.

నా పొట్టలో కుడివైపు, గజ్జకి కాస్త పైన మా అమ్మ కిడ్నీ ఉంది. 2019 ఆగస్టులో విజయవాడలో పెట్టారు. నా సొంతవి రెండూ పాడైపోయాయి. ఐజీఏ నెఫ్రోపతీ అన్నారు, కిడ్నీల్లోని వడపోతని మెల్లగా పాడుచేసే జబ్బు. వాటిని తీసెయ్యరు, వెనకాల ఉన్నచోటే వదిలేస్తారు. 14 నెలలు డయాలసిస్ చేయించుకున్నాక అమ్మ ఒకరోజు, "నాది ఓ గ్రూపటగా, అందరికీ సరిపోతుందట, మరి నన్నెందుకు అడగరు?" అని డాక్టరు గారినే నిలదీసింది. అప్పటికి ఆవిడకి 58 ఏళ్ళు. ఇప్పుడు ఇరగవరం దగ్గర మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ప్రతి నెలా నా రక్తపరీక్ష వచ్చిన రోజు సాయంత్రం ఫోన్ చేసి "ఎంత?" అంటుంది. రక్తంలో క్రియాటినిన్ పెరిగితే కిడ్నీ సరిగ్గా వడకట్టట్లేదని అర్థం. ఆ మాట ఆవిడకి నోరు తిరగదు. అంకె ఒక్కటే చాలు. 2019 నుంచి 2024 దాకా ఆ అంకె 1.1 దగ్గరే ఉంది. "1.1 అమ్మా" అంటే "సరే, పడుకో" అని పెట్టేసేది.

ఒకరి అవయవాన్ని ఇంకొకరి ఒళ్ళు ఊరికే ఒప్పుకోదు. అమ్మదైనా సరే, పరాయిదే. 1954లో బోస్టన్‌లో మొట్టమొదటిసారి కిడ్నీ మార్పిడి నిలబడిందంటే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే పోలిక కవలలు కాబట్టి. మిగతా మనుషులందరికీ మందులే దిక్కు. నేను పొద్దున 9కి, రాత్రి 9కి వేసుకునే టాక్రోలిమస్ మూలం జపాన్‌లోని త్సుకుబా దగ్గర మట్టిలో 1984లో దొరికిన ఒక సూక్ష్మజీవి. ఈ సంగతి నాకు మొదటిసారి చెప్పింది ఆపరేషన్ వార్డులో నర్సమ్మ. మట్టిలోంచి వచ్చిన మందు మా అమ్మ కిడ్నీని కాస్తోందని అప్పటినుంచీ అనుకుంటూ ఉంటాను. దానితోపాటు మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్. ఈ మూడూ కలిసి తెల్లరక్తకణాల్ని నెమ్మదిపరుస్తాయి, ముఖ్యంగా టీ కణాల్ని. అవి నెమ్మదిస్తేనే కిడ్నీ బతుకుతుంది. కానీ ముక్కులోకి దూరిన వైరస్‌ని వెతికి, అది చేరిన కణాల్ని చంపాల్సిందీ ఆ టీ కణాలే. ఒకే పనివాళ్ళు. కిడ్నీ జోలికి పోవద్దని కూర్చోబెడితే వైరస్ జోలికీ పోరు.

మిగతాది చెప్పాలంటే 2025 సంక్రాంతి దగ్గరికి వెళ్ళాలి.

ఆ జనవరి మొదట్లో టీవీ పెడితే జలుబు, దగ్గు తెచ్చే హెచ్ఎంపీవీ అనే వైరస్ తప్ప ఇంకోటి లేదు. చైనాలో ఆసుపత్రులు నిండాయన్నారు. 6వ తేదీన బెంగళూరులో ఇద్దరు పసిపిల్లలకు వచ్చిందన్నారు. నేను భయపడిపోయి మా ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ సిస్టర్‌కి ఫోన్ చేస్తే, "అది కొత్తది కాదమ్మా, 2001లోనే కనిపెట్టారు, ఏటా తిరిగేదే. మీరు ఈసారి ఫ్లూ టీకా వేయించుకున్నారా?" అని అడిగింది. నేను మాట్లాడలేదు.

వేయించుకోలేదు. అంతకు ముందు నాలుగేళ్ళూ వర్షాలు మొదలవకముందే వేయించుకున్నాను. 2024లో జూన్ నుంచి పెళ్ళి జాకెట్లు, శ్రావణమాసం, తర్వాత దసరా. మగ్గం వర్క్ జాకెట్లు ఒక్కోటి నాలుగు రోజులు పడుతుంది. ఇవాళ కాదు రేపు అనుకుంటూ దీపావళి దాటిపోయింది. మన దగ్గర ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెచ్చుమీరుతుంది. వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి. "ఇప్పుడైనా వేయించుకోండి" అంది సిస్టర్. "పండగ కాగానే వస్తాను" అన్నాను.

13వ తేదీ సోమవారం భోగి. మా ఆడపడుచు, అంటే మా ఆయన అక్కయ్య, వాళ్ళది భీమవరం. వాళ్ళమ్మాయి హైదరాబాదు నుంచి 11 నెలల పిల్లాణ్ణి తీసుకుని వచ్చింది. వాడికి మొదటి భోగిపళ్ళు మా ఇంట్లోనే పొయ్యాలని వదిన ముచ్చటపడింది. నేను వాడికి ఎర్ర పట్టు లాల్చీ కుట్టాను, అంగుళం వెడల్పు జరీ అంచు వేసి. కారు దిగగానే చూశాను, వాడి ముక్కు కారుతోంది. "రాత్రి నుంచీ కొంచెం చల్లగాలి తగిలినట్టుంది అత్తా" అంది మా మేనకోడలు. ఆ క్షణంలో నేను మాస్కు పెట్టుకుని పక్క గదిలోకి వెళ్ళాలి. ఐదున్నరేళ్ళుగా నాకు తెలిసిన విషయమే. కానీ 11 నెలల పిల్లాడు రెండు చేతులూ చాపితే ఎలా వెళ్ళను. సాయంత్రం పీటమీద వాడు ఒక్కడే కూర్చోనంటే నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. రేగుపళ్ళు, చెరుకుముక్కలు, బంతిరేకులు, చిల్లర డబ్బులు వాడి నెత్తిమీంచి నా ఒళ్ళోకి జారుతుంటే వాడు నా మొహమ్మీదే మూడుసార్లు తుమ్మాడు. అందరం "చిరంజీవ" అన్నాం.

కనుమ నాడు సాయంత్రం గొంతులో గరగర. ముక్కనుమ పొద్దుటికి ఒళ్ళు నొప్పులు, పొడి దగ్గు. జ్వరం చూసుకుంటే 99 కూడా లేదు. ఇక్కడ నాలాంటి వాళ్ళందరికీ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రెడ్నిసొలోన్ రోజూ వేసుకునే ఒంట్లో జ్వరం పైకి తెలియకపోవచ్చు. థర్మామీటర్‌లో లేదు కాబట్టి లోపల ఏమీ లేదనుకోకూడదు. నేను అలాగే అనుకున్నాను. పండగ జాకెట్లు కుట్టి అలిసిపోయానులే అనుకుని పడుకున్నాను.

మా ఆయన తెలిసిన మెడికల్ షాపుకి వెళ్ళి "దగ్గు, ఒళ్ళు నొప్పులు" అని చెప్పి మందులు తెచ్చారు. ఆ షాపబ్బాయి మంచివాడే, మా కష్టాలన్నీ ఎరిగినవాడే. పండగ రద్దీలో మందులు ఎవరికో అడగలేదు, ఈయన చెప్పలేదు. రెండు రకాలు ఇచ్చాడు. ఒకటి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్. రెండోది ఒళ్ళు నొప్పులకి అసెక్లోఫెనాక్ కలిసిన మాత్ర. నేను పేరు చదవలేదు. ఇంటికొచ్చే ప్రతి మందు పేరూ డైరీలో రాసుకున్నాకే వేసుకునేదాన్ని. ఆ రోజు కళ్ళు మూసుకుని మంచినీళ్ళతో మింగేశాను. మూడు రోజులు మింగాను.

శనివారం, 18వ తేదీ మధ్యాహ్నం కాస్త ఓపికగా అనిపించి మిషన్ దగ్గర కూర్చున్నాను. పక్కవీధి అమ్మాయి జాకెట్టుకి హుక్కులు, కాజాలు మాత్రమే మిగిలాయి. సూదిలోకి దారం ఎక్కించబోతే ఎక్కలేదు. దారం కొస తడిపి మళ్ళీ ప్రయత్నించాను. సూది ఒకవైపు, దారం ఒకవైపు వణుకుతున్నాయి. వేళ్ళకేసి చూసుకుంటే రెండు చేతులూ గాలిలో సన్నగా కంపిస్తున్నాయి. పదేళ్ళ వయసు నుంచి సూదిలో దారం ఎక్కిస్తున్న చేతులవి. కరెంటు పోయినప్పుడు చీకట్లో కూడా ఎక్కించగలను. అప్పుడు భయం వేసింది. దగ్గుకి వెయ్యని భయం ఆ వణుకుకి వేసింది. ఎందుకంటే ఆ వణుకు నాకు పాత పరిచయం. ఆపరేషన్ అయిన మొదటి నెలలో, టాక్రోలిమస్ మోతాదు ఎక్కువగా ఉన్న రోజుల్లో, గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి.

మా అమ్మాయి బీటెక్ చదువుతోంది, పండగ సెలవులకి వచ్చి ఇంట్లోనే ఉంది. దాన్ని పిలిచి మందుల అట్టలు రెండూ ఫోటో తీసి సిస్టర్‌కి పంపించమన్నాను. రెండు నిమిషాల్లో ఆవిడే ఫోన్ చేసింది. "అమ్మా, ఈ రెండూ ఇప్పుడే ఆపెయ్యండి. ఈ రాత్రి టాక్రోలిమస్ వేసుకోవద్దు. ఆక్సిజన్ ఎంతుందో చూడండి." కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ బీరువాలోంచి తీసి పెట్టుకుంటే 93. "పొద్దున ఆరుకి బయల్దేరి వచ్చెయ్యండి. రాత్రి 92 కంటే తగ్గినా, ఆయాసం పెరిగినా అప్పుడే బయల్దేరండి, పొద్దుటిదాకా ఆగవద్దు" అంది.

ఆ రెండు మాత్రలూ ఏం చేస్తాయో తర్వాత వివరంగా తెలుసుకున్నాను. టాక్రోలిమస్‌ని కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. క్లారిత్రోమైసిన్ దాన్ని అడ్డుకుంటుంది. దాంతో వేసుకున్న మాత్ర వేసుకున్నట్టే రక్తంలో పేరుకుపోతుంది. ఎక్కువైన టాక్రోలిమస్ చేతులు వణికిస్తుంది, తలనొప్పి తెస్తుంది, అది కాపాడాల్సిన కిడ్నీనే దెబ్బతీస్తుంది. ఎరిత్రోమైసిన్, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకొనజోల్ కూడా ఈ జాతివే. కరోనాకి ఇచ్చే పాక్స్‌లోవిడ్ అయితే ఇంకా ఉధృతం. మన పంపరపనస కూడా అదే పని చేస్తుంది, అందుకే వినాయకచవితి పాలవెల్లికి కట్టిన పంపరపనస నేను ముట్టుకోను. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా ఎదురు, మందుని త్వరగా కరిగించేస్తుంది. అప్పుడు కిడ్నీకి కాపలా ఉండదు. ఇక నొప్పుల మాత్ర సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒక్క కిడ్నీతో, అందులోనూ టాక్రోలిమస్ మీద ఉన్నవాళ్ళు ముట్టకూడని మందుల్లో మొదటిది అదే. మాకు నొప్పికైనా జ్వరానికైనా పారాసిటమాల్ ఒక్కటే.

ఆదివారం తెల్లవారుజామున కారులో బయల్దేరాం. తాడేపల్లిగూడెం దాటేసరికి మాట్లాడితే ఆయాసం. ఏలూరు దాటాక మా అమ్మాయి వెనక సీట్లో నా వేలికి ఆక్సీమీటర్ పెట్టి, అంకె నాకు కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. అది 91 అని విజయవాడ చేరాక చెప్పింది.

అత్యవసర విభాగంలో ముందు ముక్కులోకీ గొంతులోకీ పుల్లలు పెట్టి నమూనా తీశారు. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదు. సీటీ తీస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ కింది భాగాల్లో పొగమంచు కమ్మినట్టు తెల్లగా ఉంది. మాలాంటి వాళ్ళకి ఎక్స్‌రే బాగుంది కదా అని ఊరుకోకూడదని అప్పుడే తెలిసింది. తెల్లకణాలు పోరాడితేనే కదా ఎక్స్‌రేలో కనబడేంత వాపు వచ్చేది. సాయంత్రానికి ఫలితాలన్నీ వచ్చాయి. ఇన్‌ఫ్లుయెంజా ఏ, హెచ్1ఎన్1. టీవీలో చెప్పిన హెచ్ఎంపీవీ కాదు. 2009 మేలో శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుడిలో మన దేశంలో మొదటిసారి దొరికి, స్వైన్ ఫ్లూ అని గడగడలాడించినది. ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూల్లో అదీ ఒకటి. పిల్లాడికి రెండ్రోజుల్లో తగ్గిపోయింది. రక్తంలో టాక్రోలిమస్ స్థాయి 5 నుంచి 7 మధ్య ఉండాల్సింది 21 ఉంది. క్రియాటినిన్ 2.3.

ఆ అంకె విన్నాక నేను అడిగింది ఒక్కటే. "మా అమ్మకి చెప్పారా?"

ఫ్లూకి మందుంది, ఒసెల్టామివిర్. లక్షణాలు మొదలైన 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. నాకు అప్పటికి నాలుగో రోజు నడుస్తోంది. మిగతావాళ్ళకైతే ఆలస్యమైందంటారేమో గానీ, రోగనిరోధక శక్తి తగ్గించిన వాళ్ళకి ఎన్నో రోజైనా ఇస్తారు, ఎందుకంటే మా ఒంట్లో వైరస్ అంత త్వరగా పోదు. కిడ్నీ పనితీరుని బట్టి 75 మిల్లీగ్రాములది కాక 30 ఇచ్చారు. ఐదు రోజులు కాక పది రోజులు ఇచ్చారు. ఫ్లూ వెనకాలే బాక్టీరియా న్యుమోనియా చేరే ప్రమాదముందని టాక్రోలిమస్‌తో పేచీ లేని యాంటీబయాటిక్ సెలైన్‌లో పెట్టారు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం.

అసలు కష్టమైన నిర్ణయం ఇవేవీ కాదు. సోమవారం పొద్దున డాక్టరు గారు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ నిలబడే మాట్లాడతారు. "అమ్మా, మైకోఫెనొలేట్ ఆపేస్తున్నాను. టాక్రోలిమస్ స్థాయి దిగేదాకా అదీ ఇవ్వను. కిడ్నీకి కాపలా పూర్తిగా పోకుండా ప్రెడ్నిసొలోన్ మాత్రం 5 నుంచి 10 మిల్లీగ్రాములు చేస్తున్నాను. మీ ఒంటికి వైరస్‌తో పోరాడే ఓపిక రావాలంటే ఆ రెండూ ఆపడం తప్పదు. కానీ ఎక్కువ రోజులు ఇలా ఉంచితే కిడ్నీని తిరస్కరించొచ్చు. రోజూ రక్తం చూసుకుంటూ వెళ్దాం" అన్నారు. నేను నా పనిలో అర్థం చేసుకున్నాను. కుట్టు బిగిస్తే గుడ్డ చినుగుతుంది, వదిలేస్తే జారుతుంది. మేమైతే లోపల గుడ్డ వదులుతాం, అవసరమైతే తర్వాత విప్పుకోవడానికి. ఇక్కడ లోపల వదిలిన గుడ్డ లేదు.

నాలుగు రోజులు రోజుకి ఒక్క ప్రెడ్నిసొలోన్‌తోనే ఉన్నాను. రాత్రి 9కి అలారం మోగేది. ఐదున్నరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ అలారానికి మాత్ర వేసుకోకుండా ఉండలేదు. అది మోగడం, నేను ఆపడం, చేతిలో ఏమీ లేకపోవడం. పొట్టమీద చెయ్యి పెట్టుకుని పడుకునేదాన్ని. నొప్పి మొదలవుతుందేమో, వాపు వస్తుందేమో, మూత్రం తగ్గుతుందేమో అని. నర్సమ్మ మూత్రం కొలిచి కాగితం మీద రాస్తుంటే ఆ అంకెలు తల ఎత్తి చూసేదాన్ని. మూడో రోజుకి ఆక్సిజన్ తీసేశారు. ఐదో రోజుకి టాక్రోలిమస్ 6కి దిగింది, తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టారు. మైకోఫెనొలేట్ రెండు వారాల తర్వాత సగం మోతాదుతో ఇచ్చారు.

వైరస్ పోలేదు. తొమ్మిదో రోజు ఇంటికి పంపేటప్పటికి తగ్గినట్టే ఉన్నాను గానీ, పద్నాలుగో రోజు మళ్ళీ నమూనా చూస్తే ఇంకా ఉంది. మామూలు మనిషి ఐదారు రోజులు వైరస్‌ని బయటికి వదిలితే, మావాళ్ళు వారాల తరబడి వదలొచ్చు. అంటే నాకు జబ్బు చెయ్యడమే కాదు, నా నుంచి ఇంకొకరికి పోయే ప్రమాదమూ ఉంది. అమ్మ నన్ను చూస్తానని ఏడ్చింది. 64 ఏళ్ళ మనిషి, ఒక్క కిడ్నీతో ఉంది. వద్దన్నాను. మూడు వారాలు అమ్మా నేనూ వీడియో కాల్‌లోనే చూసుకున్నాం. ఆవిడ ఫోన్‌ని మరీ దగ్గరగా పెట్టుకుంటుంది, నాకు నుదురు, బొట్టు మాత్రమే కనబడేవి.

పరామర్శ గురించి రాయాలని ఇంతసేపటి నుంచీ అనుకుంటున్నాను. ఇంటికొచ్చాక అదే పెద్ద పోరు. మన ఊళ్ళలో మనిషికి బాగోలేకపోతే వెళ్ళి చూడకపోవడం తప్పు. చూడ్డానికి వస్తే గుమ్మంలోంచే పంపెయ్యడం ఇంకా పెద్ద తప్పు. ఆపిల్స్, బత్తాయిలు, కొబ్బరినీళ్ళు తీసుకుని వీధిలో వాళ్ళు, నా దగ్గర ఏళ్ళ తరబడి కుట్టించుకునేవాళ్ళు వచ్చేవారు. వాళ్ళలో ఎవరో ఒకరు ముక్కు చీదుతూనే ఉండేవారు, ఫిబ్రవరి కదా. ప్రేమ లేక కాదు, ప్రేమతోనే నా మంచం పక్కకొచ్చి చెయ్యి పట్టుకునేవాళ్ళు. నా చెయ్యి నేను వెనక్కి తీసుకున్నప్పుడు వాళ్ళ మొహాల్లో కనబడేది చూసి నాకు కడుపులో తిప్పేది. మా ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని అందర్నీ ఆపడం మొదలుపెట్టారు. "ఏమిటో మరీ బడాయి" అన్న మాట ఆయన చెవిన పడింది. నాకు చెప్పలేదు. మా అమ్మాయి చెప్పింది.

కిడ్నీ, కాలేయం, గుండె, ఏది మార్పించుకున్న వాళ్ళింటికి వెళ్ళాలన్నా ముందు ఫోన్ చెయ్యండి. మీకూ, మీ ఇంట్లో పిల్లలకీ వారం రోజుల్లో జలుబు వచ్చిందేమో గుర్తు చేసుకోండి. వచ్చి ఉంటే వెళ్ళకండి. ఫోన్‌లో పావుగంట మాట్లాడండి. మీరు రాకపోవడమే మాకు మీరు తెచ్చే పండ్లకంటే మేలు. ఇందులో నాకు ఏ మొహమాటమూ లేదు, ఇప్పుడు.

వదినతో మాత్రం చాలా కష్టమైంది. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా ఆయన మాటల మధ్యలో "బుజ్జిగాడి జలుబు అంటుకున్నట్టుంది" అన్నారట. ఆవిడ దాన్ని పట్టుకుంది. "మా పిల్లాడి వల్లే ఇదంతా వచ్చిందంటావా తమ్ముడూ? మొదటి పండగకి తెచ్చి తప్పు చేశాం" అని ఏడ్చింది. ఆ తర్వాత నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. పిల్లాడిది ఏం తప్పు, వాడికెవరి దగ్గరో వచ్చింది. నేను టీకా వేయించుకుని ఉండాల్సింది, వాణ్ణి ఎత్తుకోకుండా ఉండాల్సింది, మాత్ర పేరు చదవాల్సింది. ఇదంతా ఆవిడతో చెప్పాలని ఎన్నిసార్లో ఫోన్ తీసి పెట్టేశాను.

టీకా గురించి అపోహలు చాలా విన్నాను. ఫ్లూ టీకా సూదిది అయితే చచ్చిన వైరస్, మాకు వెయ్యొచ్చు, ఏటా వెయ్యాలి. ముక్కులో కొట్టేది బతికున్న వైరస్, అది మాకు పనికిరాదు. టీకా వేసుకున్నా మా ఒళ్ళు అందరిలా స్పందించదు. కరోనాకి నేను రెండు డోసులూ వేసుకున్నాక పరీక్ష చేయిస్తే యాంటీబాడీలు ఏమీ లేవు. నాకే ఏదో లోపమనుకున్నాను. జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు 2021లో అవయవ మార్పిడి అయిన 658 మందిని చూస్తే, రెండు డోసుల తర్వాత కూడా 54 శాతం మందికే యాంటీబాడీలు వచ్చాయని డాక్టరు గారు చెప్పారు. అలాగని వేసుకోవడం దండగ కాదు, ఎంతోకొంత కాపాడుతుంది. అంతకంటే ముఖ్యం, చుట్టూ ఉన్నవాళ్ళు వేసుకోవాలి. 2025 జూన్‌లో మా ఇంట్లో నలుగురం, ఇరగవరంలో అమ్మ, తమ్ముడు, మరదలు, షాపులో హెమ్మింగు చేసే ఇద్దరమ్మాయిలు, అందరం వేయించుకున్నాం. ఆ అమ్మాయిల టీకా ఖర్చు నేనే పెట్టుకున్నాను. అది నా మందుల ఖర్చులో భాగమే అనుకుంటున్నాను.

షాపులో పద్ధతులూ మార్చాను. కొలతలు తీసుకోవడమంటే మనిషి ఊపిరి మన మెడకి తగిలేంత దగ్గర. చంకకొలత, భుజం, మెడ లోతు, అన్నీ టేపు పట్టుకుని అర అడుగు దూరంలో నిలబడి తీసేవే. ఇప్పుడు వీలైనంతవరకు ఆది జాకెట్టు మీదే కుడుతున్నాను. కొత్తవాళ్ళకి తప్పనిసరైతే మాస్కు పెట్టుకుని, వాళ్ళకీ ఒకటిచ్చి, వెనకనుంచి కొలత తీస్తాను. ఏసీ తీయించేసి రెండు కిటికీలు పెట్టించాను. ఆషాఢంలో ఈగలొస్తున్నాయి, రానీ.

నా క్రియాటినిన్ ఆసుపత్రి నుంచి వచ్చేనాటికి 1.6. మూడు నెలలకి 1.4కి వచ్చి అక్కడే ఆగింది. 1.1కి రాలేదు. ఇక రాదు అన్నారు డాక్టరు గారు, మెల్లగా. ఏప్రిల్‌లో ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసి "ఎంత?" అంది. అబద్ధం చెబుదామనుకున్నాను. "1.4 అమ్మా" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే, ఉన్నదాన్ని చూసుకుందాం, పడుకో" అంది.

ఈ ఏడు భోగికి మూడు రోజుల ముందు వదిన ఫోన్ చేసింది. మే నుంచీ మాట్లాడుకుంటున్నాం గానీ, పొడిపొడిగా. "అమ్మాయ్, పిల్లాడికి నిన్నటి నుంచీ ముక్కు కారుతోంది. మేము రావట్లేదు, ఇక్కడే భీమవరంలో భోగిపళ్ళు పోసేస్తాం. నువ్వేమీ అనుకోకు" అంది. నాకు గొంతు పెగల్లేదు. "వదినా" అని మాత్రం అన్నాను. ఆవిడే అంది, "లాల్చీ మాత్రం నువ్వే కుట్టాలి. కిందటేడుది ఆదికి పంపిస్తున్నాను, పొడుగు మూడంగుళాలు పెంచు, చంక కింద అంగుళంన్నర."

మర్నాడు పొద్దున బస్సు డ్రైవరుకిచ్చి పంపింది. మా ఆయన బస్టాండు నుంచి తెచ్చి గుమ్మం పక్క బల్ల మీద పెట్టారు. ఎర్ర లాల్చీ, జరీ అంచు కాస్త మాసింది. సాయంత్రం దాకా దండెం మీద ఎండేసి, రాత్రి 9కి మాత్ర వేసుకుని, కొత్త గుడ్డ మీద సుద్దతో గీత గీశాను.